ఒకటిన్నర దెబ్బ ఆగి మొదలయ్యే పాట: త్యాగరాజ స్వామి జీవితం నేర్పిన ఓపిక

 

ఈ వారం వీడియోలో త్యాగరాజ స్వామి వారి కథ చెప్పుకున్నాం కదా. పన్నెండు నిమిషాల్లో పట్టని విషయాలు చాలా మిగిలిపోయాయి. అవి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. వాటితో పాటు నేను చేసిన ఒక చిన్న తప్పు, ఒక పెద్ద తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ రెండూ లేకపోతే స్వామి వారి జీవితాన్ని ఇంత శ్రద్ధగా చదివేవాడిని కాదు.

ముందు చిన్న తప్పు. మన ఛానల్లో పాడేది మా పిన్ని. మార్కాపురంలో పిల్లలకి సంగీతం చెబుతుంది. ఎడిటింగ్ నాది. వారమంతా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు ఈ పని. ఈసారి పిన్ని హంసనాద రాగంలో బంటురీతి కీర్తన పాడి పంపింది. నేను అలవాటు ప్రకారం దాన్ని ఖాళీలు కత్తిరించే టూల్‌లో వేశా. మాటల మధ్య వచ్చే నిశ్శబ్దాన్ని అది దానంతట అదే తీసేస్తుంది. చూసేవాళ్ళకి రెండు సెకన్లు ఖాళీ కనపడితే చాలు, వేలితో పైకి తోసేసి వెళ్ళిపోతారని మాకు భయం. శ్రుతి పెట్టె చిన్నగా మోగుతున్నా, ఆ టూల్ దాన్ని కూడా ఖాళీ కిందే లెక్కేసింది. ముప్పై ఏడు చోట్ల కత్తిరించింది. వీడియో చకచకా ఉంది. సంతోషంగా పిన్నికి పంపా.

పిన్ని ఫోన్ చేసింది. తిట్టలేదు. తొడ మీద తాళం వేస్తూ ఆ వీడియోతో పాటు పాడి చూడమంది. వేశా. రెండో లైనుకే చెయ్యి ఒక దారి, పాట ఒక దారి అయిపోయింది. అప్పుడు చెప్పింది. ఈ కీర్తన దేశాది తాళంలో ఉందట. ఎనిమిది అక్షరాల ఆది తాళంలో మొదటి దెబ్బ పడగానే పాట మొదలవదు. చేతి దెబ్బ పడాలి, చిటికెన వేలు లెక్కలోకి రావాలి, చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య సందులో పాట అందుకోవాలి. అంటే ఒకటిన్నర దెబ్బ ఆగాలి. దీన్నే ఎత్తుగడ అంటారు. త్యాగరాజ స్వామి కీర్తనల్లో ఇలా ఆగి ఎత్తుకునేవి పదుల సంఖ్యలో ఉన్నాయి. నేను ఖాళీ అనుకుని కోసిపారేసింది పాటలో భాగమే.

అన్నిటికంటే నాకు పట్టుకున్న మాట ఇంకొకటి. ఆ ఒకటిన్నర దెబ్బలో గొంతు ఆగుతుంది గానీ తాళం ఆగదు. చెయ్యి లెక్క పెడుతూనే ఉంటుంది. లెక్క తప్పిన వాడు ఎంతసేపు ఆగినా లాభం లేదు, మళ్ళీ అందుకోలేడు.

ఈ మాట పట్టుకుని స్వామి వారి జీవితం మొదటి నుంచి చూస్తే, ఆయన జీవితమంతా అలాంటి ఎత్తుగడే అనిపించింది.

కాకర్ల నుంచి కావేరి దాకా

త్యాగరాజ స్వామి ఇంటిపేరు కాకర్ల. మన అర్ధవీడు మండలంలో ఉన్న కాకర్లే ఆ కుటుంబానికి మూలం. కంభం నుంచి నల్లమల వైపు వెళితే వచ్చే ఊరు. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే మన పశ్చిమ ప్రకాశం వాళ్ళకి ముందు గుర్తొచ్చేది వెలిగొండ ప్రాజెక్టు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు గ్యాపులు మూసి నీళ్ళు నిలబెట్టాలని కట్టినదే నల్లమల సాగర్. ఆ నీళ్ళ కోసం మనవాళ్ళు ఎన్నేళ్ళు ఎదురుచూశారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఓపిక గురించి మార్కాపురం, గిద్దలూరు వాళ్ళకి పాఠం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయితే మన చేతిలో లేని ఎదురుచూపు వేరు, మనం కావాలని ఆగడం వేరు. ఈ రెండో రకం గురించే ఈ కథ.

కొన్ని తరాల క్రితం కాకర్ల వారు దక్షిణాదికి, తంజావూరు సీమకి వెళ్ళిపోయారు. అప్పట్లో అలా వెళ్ళిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తంజావూరును ముందు నాయక రాజులు, తర్వాత మరాఠా రాజులు ఏలారు. ఇద్దరి కాలంలోనూ అక్కడ పాటకీ, కావ్యానికీ తెలుగు పెద్ద భాష. త్యాగరాజ స్వామి 1767 మే 4న పుట్టారు. జన్మస్థలం తిరువారూరు అని సంప్రదాయం. ఆ ఊరి దేవుడు త్యాగరాజ స్వామి పేరే పిల్లవాడికి పెట్టారు. తండ్రి రామబ్రహ్మం గారు, తల్లి సీతమ్మ గారు. పెరిగింది, బతికింది, సిద్ధి పొందింది కావేరి ఒడ్డున తిరువయ్యారులో. చుట్టూ తమిళం. ఆయన కీర్తనలు మాత్రం తెలుగులో, కొన్ని సంస్కృతంలో. ఊరు వదిలి ఎన్ని తరాలైనా ఇంట్లో భాష వదలలేదు. బెంగళూరులో రెండేళ్ళు ఉండగానే యాస మార్చేసిన నాలాంటి వాడికి ఇదొక్కటే చాలు సిగ్గుపడటానికి.

రోజుకి లక్షా పాతికవేలు

సంగీతంలో ఆయన గురువు శొంఠి వెంకటరమణయ్య గారు, తంజావూరు ఆస్థానంలో పేరున్న విద్వాంసుడు. అలాంటి గురువు దగ్గర నేర్చుకున్న కుర్రవాడికి రాజసభ దారి తెరిచి ఉన్నట్టే. ఎవరైనా ఆ వయసులో కచేరీల కోసం పరుగెత్తుతారు.

ఆయన చేసింది వేరు. కంచి నుంచి వచ్చిన ఒక సాధువు 96 కోట్ల రామనామ జపం చేయమని చెప్పారట. ఆయన సరేనని కూర్చున్నారు. అది పూర్తి కావడానికి 21 ఏళ్ళు పట్టిందని, అప్పటికి ఆయన వయసు 38 అని సంప్రదాయం చెబుతుంది.

నేను ఇంజనీర్ని కదా, వెంటనే క్యాలిక్యులేటర్ తీశా. 96 కోట్లని 21 ఏళ్ళతో, 365 రోజులతో భాగిస్తే రోజుకి సుమారు 1,25,000. రోజుకి ఉన్నవి 86,400 సెకన్లు. అంటే నిద్ర, తిండి లేకుండా సెకనుకి ఒకటిన్నర నామం. నాకు లెక్క కుదరలేదు. పిన్నికి చెప్పా, ఇది ఎలా సాధ్యమని. తను నవ్వి, ఆయన ఎన్ని చేశారన్నది పక్కన పెట్టి, ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో మానేసిన రోజు ఉందేమో వెతకమంది.

అప్పుడు అర్థమైంది. నేను అంకెని చూస్తున్నా, ఆవిడ రోజుని చూస్తోంది. ఆ 21 ఏళ్ళు బయటివాళ్ళకి ఖాళీగానే కనిపించి ఉంటాయి. ఏం చేస్తున్నాడు ఈ అబ్బాయి, చదువుకున్న సంగీతం వృథా అయిపోతోందే అని ఎవరో ఒకరు అనే ఉంటారు. నేను అక్కడ ఉంటే నా టూల్‌తో ఆ 21 ఏళ్ళనీ కత్తిరించేసేవాణ్ణి. లోపల తాళం నడుస్తోందని బయట ఎవరికి తెలుస్తుంది?

కబురు పంపిన రాజు, కోపం వచ్చిన అన్న

తంజావూరు ఏలిన శరభోజి మహారాజు ఆయన గురించి విని సభకి రమ్మని కబురు, కానుకలు పంపారని, ఆయన వెళ్ళలేదని కథ. నిధి చాల సుఖమా అనే కీర్తన పుట్టింది ఆ సందర్భంలోనే అంటారు. తిరువయ్యారు నుంచి తంజావూరు పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలు దిగి ఇంటికి వచ్చినంత పని. అంత దగ్గర్లో ఉన్న సిరికి ఆయన ఎదురు వెళ్ళలేదు.

జీవనం ఉంఛవృత్తి. భుజాన తంబురా, నోట భగవన్నామం. వీధిలో పాడుకుంటూ వెళ్ళి, గృహస్థులు వేసిన బియ్యం ఆ పూటకి సరిపడా తెచ్చుకోవడం. రేపటికి దాచుకోవడం లేదు.

ఈ ఘట్టం చెప్పేటప్పుడు అందరూ అన్నగారిని విలన్ చేస్తారు. పేరు జప్యేశుడు అంటారు. తమ్ముడు రాజు కానుకని తిప్పి పంపాడని మండిపడి, తమ్ముడు రోజూ పూజ చేసుకునే రాముడి విగ్రహాలను తీసుకెళ్ళి కావేరిలో పడేశాడని కథ. మన వీడియోలో కూడా ఆ సీన్‌కి ఉరుము చప్పుడు పెట్టాను. కానీ రాయడానికి కూర్చున్నాక అన్నగారి మీద నాకు కొంచెం జాలి కలిగింది. ఇంట్లో బియ్యం నిండుకోవడం అంటే ఏంటో తెలిసినవాడికి, వాకిట్లోకి వచ్చిన బంగారం వెనక్కి పోతుంటే కడుపు మండదా? ఆయన చేసింది ఘోరమే. కానీ ఆయన భయం మాత్రం మన ఇళ్ళలో ప్రతి నెలాఖరున కనిపించే భయమే. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. రాజు పిలుపు వద్దన్నది స్వామి వారు. దాని బరువు మోసిన వాళ్ళలో ఇంటి ఇల్లాలు కూడా ఉంది. మొదటి భార్య పార్వతమ్మ చిన్న వయసులోనే పోయారు. తర్వాత ఆవిడ చెల్లెలు కమలాంబ గారిని పెళ్ళి చేసుకున్నారు. సీతాలక్ష్మి అని ఒక కూతురు. ఉంఛవృత్తి బియ్యంతో ఇంతమందికి, పైగా శిష్యులకి వండి పెట్టిన ఆ తల్లి ఓపిక గురించి ఏ కథలోనూ ఒక పేజీ లేదు. ఒకరు ఆగాలంటే ఇంట్లో ఇంకొకరు సర్దుకోవాలి. ఇది మరిచిపోయి ఓపిక గురించి మాట్లాడితే అది గొప్పలు చెప్పుకోవడమే.

కావేరి తగ్గేదాకా

విగ్రహాలు పోయాక ఆయన ఏం చేశారు? అన్నతో కలబడలేదు. ఊళ్ళో పంచాయితీ పెట్టలేదు. ఏడ్చారు. ఒడ్డున తిరిగారు. పాడారు. ఎక్కడున్నావు రామా అని వెతుకుతూ పాడినవని చెప్పే కీర్తనలు ఇప్పటికీ కచేరీల్లో వింటున్నాం. నది ఉద్ధృతంగా ఉన్నప్పుడు దూకితే మనిషి పోతాడు తప్ప విగ్రహం దొరకదు. చివరికి నీళ్ళు తగ్గాక ఇసుకలో విగ్రహాలు బయటపడ్డాయని, వాటిని గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకున్నారని చెబుతారు.

నది తగ్గేదాకా ఆగడం. వెతకడం మాత్రం మానకపోవడం. ఇదే నేను చేయలేకపోయింది. ఇక పెద్ద తప్పు దగ్గరికి వస్తున్నా.

మా రాళ్ళ కథ

మా నాన్నది మార్కాపురంలో చిన్న పలకల యూనిట్. ఒకప్పుడు మన మార్కాపురం పలకలేగా దేశమంతా బడిపిల్లల చేతుల్లో ఉండేది. నోటు పుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా గోడలకి, నేలకి వేసే రాయి కోస్తున్నారు. చిన్నప్పుడు నాన్న పని చూసేవాణ్ణి. పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది. అంచున సన్నటి ఉలి పెట్టి, మెల్లగా తడుతూ, ఆగుతూ పోతే పొర దానంతట అదే విడుతుంది. తొందరపడి ఒక్క దెబ్బ గట్టిగా వేస్తే రాయి ముక్కలే.

మూడేళ్ళ క్రితం ఒక బయటి రాష్ట్రం పార్టీ నాకు ఇంటర్నెట్‌లో తగిలింది. రెండు లారీల సరుకు కావాలన్నారు. వారంలో కోయడం మొదలుపెట్టకపోతే వేరే చోటికి వెళ్ళిపోతామన్నారు. నాన్న ఒకటే చెప్పాడు, అడ్వాన్స్ ఖాతాలో పడేదాకా పది రోజులు ఆగుదామని. నాకు చిరాకేసింది. ఈ పాతకాలం పద్ధతి వల్లే మనం ఎదగట్లేదని అనేశా. అన్న మాట ఇప్పటికీ గుర్తుంది, ఆయన ముఖం కూడా. నా జీతం చూపించి ఆరు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని రాయి కొన్నా, కూలీలకి డబ్బులిచ్చా. సరుకు సగం తయారయ్యాక వాళ్ళు మందం మార్చమన్నారు. తర్వాత ఫోన్ తీయడం మానేశారు. అంతే.

ఆ రాళ్ళు మా యార్డులో గోడకి ఆనించి అలాగే ఉన్నాయి. నాన్న ఒక్కసారి కూడా దెప్పలేదు. ఊళ్ళో ఎవరైనా వరండాకో, మెట్లకో రాయి కావాలని వస్తే అందులోంచి ఇస్తాడు. నెలకి ఇరవై, ముప్పై పలకలు కదులుతాయి. గోడ మీద సుద్దతో లెక్క రాసి పెడతాడు. నేను ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ఆ లెక్క చూస్తా. మొన్నటిదాకా దాన్ని నా ఓటమి లెక్క అనుకున్నా. పిన్ని చెప్పిన తాళం విన్నాక అనిపించింది, నాన్న అక్కడ చెయ్యి ఆపకుండా తాళం వేస్తున్నాడని.

తులసి మోసిన శిష్యుడు

స్వామి వారి శిష్యుల్లో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ గారి గురించి వీడియోలో చెప్పడం కుదరలేదు. ఆయన సౌరాష్ట్ర కులంలో పుట్టినవారు, అంటే పట్టు నేత పని చేసే సమాజం. గురువు గారి పూజకి తులసి, పువ్వులు తెచ్చి ఇచ్చి, ఒక మూల నిలబడి పాఠం వినేవారట. మందమతి అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారట. గురువు గారు మాత్రం తొందరపెట్టలేదు, తోసేయలేదు. సమయం వచ్చాక దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు.

ఫలితం చూడండి. ఆ శిష్యుడు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ గారు గురువు కీర్తనలనూ, జీవిత విశేషాలనూ రాసి దాచారు. ఆ వాలాజాపేట రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకి చేరాయి. ఇవాళ మనకు దొరికే సుమారు ఏడు వందల కీర్తనల పాఠాలు సరిచూసుకోవడానికి, స్వామి వారి జీవితం తెలుసుకోవడానికి అవి పెద్ద ఆధారం. చురుకైన వాళ్ళనే ఏరుకుని, నెమ్మదైన వాణ్ణి మొదటి నెలలోనే పంపించేసి ఉంటే మనకి ఎంత తక్కువ మిగిలేదో. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడి మీద మూడు వారాలకే నేను రాసిన ఫీడ్‌బ్యాక్ గుర్తొచ్చి ఇది టైప్ చేస్తూ కాసేపు ఆగిపోయా.

తిరుమలలో తెర, కోవూరులో పల్లకి

డెబ్బై దాటిన వయసులో స్వామి వారు యాత్రకి బయల్దేరారు. తండ్రితో పరిచయం ఉన్న ఉపనిషద్ బ్రహ్మేంద్రుల వారి పిలుపు మీద కంచికి వెళ్ళి, అక్కడి నుంచి తిరుమలకి వెళ్ళారని చెబుతారు. అంత దూరం ప్రయాణం చేసి కొండెక్కితే సరిగ్గా అప్పుడే స్వామి ముందు తెర వేసి ఉంది. మనమైతే పక్కనున్న వాళ్ళని తోసి, ఎవరైనా తెలిసినవాళ్ళు ఉన్నారేమో అని ఫోన్లు చేస్తాం. ఆయన అక్కడే కూర్చుని గౌళిపంతు రాగంలో పాడారు. ఆ కీర్తనలో ఆయన గుడి తెర తీయమని అడగలేదు, తన లోపల ఉన్న మత్సరం అనే తెర తీయమని అడిగారు. అప్పుడు తెర తొలగి దర్శనం అయిందని కథ. తెర ముందు కూర్చున్న ఆ కాసేపట్లో ఆయన తప్పు పూజారుల్లో వెతకలేదు. ఇది నాకు చాలా కష్టమైన పాఠం.

తర్వాత చెన్నపట్నం పక్కన కోవూరు. అక్కడ సుందరేశ మొదలియారు అనే సంపన్నుడు ఆయన్ని ఇంటికి పిలిచి గౌరవించారు. తన మీద ఒక పాట కడితే బాగుండునని ఆ ధనవంతుడికి కోరిక ఉందట. స్వామి వారు ఆ ఊరి గుడికి వెళ్ళి సుందరేశ్వరుడి మీద అయిదు కీర్తనలు పాడారు. అవే కోవూరు పంచరత్నాలు. అడిగినవాడిని అవమానించలేదు, తన నియమం తప్పలేదు. వ్యాపారంలో కాదనడం ఎలాగో తెలియక అవును అనేసే వాళ్ళం, ఇక్కడ నేర్చుకోవాలి.

వెళ్ళేటప్పుడు మొదలియారు గారు స్వామి వారికి తెలియకుండా పల్లకిలో వెయ్యి బంగారు నాణేలు పెట్టించారట. నాగలాపురం దారిలో దొంగలు వెంటపడ్డారు. శిష్యులు వణికిపోయి అసలు సంగతి చెప్పారు. ఆయన కంగారుపడలేదు. అది రాముడి ఉత్సవానికి ఇచ్చిందైతే రాముడే చూసుకుంటాడని చెప్పి పాడుకుంటూ కూర్చున్నారు. పల్లకికి అటూ ఇటూ ఇద్దరు విల్లు పట్టిన యువకులు కాపలా కాయడం చూశామని తెల్లారాక దొంగలే వచ్చి కాళ్ళ మీద పడ్డారని భక్తులు చెప్పుకుంటారు.

సిద్ధి, ఆ తర్వాత డెబ్బై ఎనిమిదేళ్ళు

తనకు ముక్తి కొద్ది రోజుల్లో ఉందని రాముడు కలలో తెలిపినట్టు ఆయన శిష్యులతో చెప్పారని, చివర్లో సన్యాసం తీసుకున్నారని అంటారు. 1847 జనవరి 6, పుష్య బహుళ పంచమి. కావేరి ఒడ్డున సమాధి.

ఆ సమాధి తర్వాత కొన్నాళ్ళు ఆదరణ లేక తుప్పల మధ్య పడి ఉంది. దానికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ గారు. దేవదాసీ కులంలో పుట్టిన గాయని. సమాధి పరిస్థితి తెలిసి, పాడి సంపాదించుకున్న డబ్బు, నగలు దీనికే పెట్టారు. 1921లో పని మొదలై 1925లో కుంభాభిషేకం జరిగింది. అంత చేసినా, ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆవిడ సరేనని ఇంటికి వెళ్ళలేదు, గొడవపడి ఉత్సవం చెడగొట్టనూ లేదు. ఆడవాళ్ళతో వేరే ఆరాధన మొదలుపెట్టి ఏళ్ళ తరబడి నడిపారు. 1940 ప్రాంతానికి వర్గాలన్నీ కలిసి ఒకే ఆరాధన అయింది. ఇవాళ అక్కడ పంచరత్న కీర్తనలు ఆడా మగా అందరూ గొంతు కలిపి పాడుతున్నారంటే అందులో ఆవిడ ఓపిక ఉంది. పాడుతూ ఆగిన ఓపిక అది, నోరు మూసుకుని ఆగింది కాదు. అన్యాయాన్ని భరించడానికి ఓపిక అని పేరు పెట్టుకోకూడదని ఆవిడ జీవితం చెబుతుంది.

మొన్న రాత్రి జరిగింది

ఈ వీడియో తయారవుతుండగా మన ఛానల్‌కి ఒక మెసేజ్ వచ్చింది. డబ్బులు పెట్టి ఆడే ఒక యాప్ ప్రకటన వీడియో మొదట్లో అర నిమిషం వేస్తే నలభై వేలు ఇస్తారట. ఆ రాత్రికే అవునో కాదో చెప్పాలన్నారు. నలభై వేలంటే నా లోన్‌లో మూడు నెలల కిస్తీలు. నిజం చెబుతున్నా, అవును అని టైప్ చేసేశా. పంపే బటన్ మీద వేలు కూడా పెట్టా. ఆ రాత్రికే అన్న మాట చూసి, మూడేళ్ళ క్రితం వారంలో అన్న మాట గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేశా.

ఆగాను కానీ ఖాళీగా ఆగలేదు. వాళ్ళు పంపిన కాగితం మొత్తం చదివా. మన పాత వీడియోలన్నిటికీ కూడా ఆ ప్రకటన తగిలించుకునే హక్కు వాళ్ళకి ఉంటుందని ఎక్కడో చివర్లో ఉంది. పిన్ని పాడిన సుప్రభాతం ముందు జూదం ప్రకటన. పొద్దున్నే నాన్నకి ఫోన్ చేసి అడిగా. మూడేళ్ళలో మొదటిసారి డబ్బు విషయం ఆయన్ని అడగడం. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇదివరకైతే లైన్ కట్ అయిందేమో అని హలో హలో అనేవాణ్ణి. ఈసారి ఆగా. ఇల్లు గడవడానికి లోటు లేదు, రాళ్ళు కూడా కదులుతున్నాయి కదా అన్నాడు. అంతే. వద్దని వాళ్ళకి మర్యాదగా రాసేశా.

దీనికి బదులుగా ఏదో అద్భుతం జరిగిందని రాయను. ఏమీ జరగలేదు. వచ్చే నెల అయిదో తారీఖున కిస్తీ కట్ అవుతుంది. యార్డులో రాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. త్యాగరాజ స్వామికి కూడా ఆగినందుకు సంపద రాలేదు. ఆగినందువల్ల ఆయన పాట ఆయనదిగా మిగిలింది, అంతే. మాకు కూడా ఈ ఛానల్ మాదిగా మిగిలింది.

ఈ వారం మనం చేయగలిగినవి

ఒకటి. ఈ రోజే, ఇప్పుడే అని ఎవరైనా తొందరపెడితే ఒక రాత్రి గడవనివ్వండి. ఆ రాత్రి కాగితం పూర్తిగా చదవండి. ఊరికే వాయిదా వేయడం ఆగడం కాదు.

రెండు. కోపంలో రాసిన మెసేజ్ పంపే ముందు, తొడ మీద ఒక్కసారి ఆది తాళం పూర్తిగా వేయండి. ఎనిమిది లెక్కలు. నవ్వకండి, నేను ఆఫీసులో బల్ల కింద వేస్తున్నా.

మూడు. మీరు ఆగడం వల్ల ఇంట్లో ఎవరు సర్దుకుంటున్నారో వాళ్ళకి ఆ సంగతి తెలుసని చెప్పండి. నేను ఈ శనివారం ఊరికి వెళ్ళినప్పుడు నాన్నకి చెప్పాలనుకుంటున్నా. మూడేళ్ళు ఆలస్యం. అయినా తాళం ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి అందుకోవచ్చు.

బంటురీతి వీడియో మళ్ళీ పెట్టాం, ఈసారి ఒక్క ఖాళీ కూడా కత్తిరించకుండా. మొదట్లో పిన్ని చెయ్యి కదులుతుంది, పాట వినిపించదు. దయచేసి ముందుకి జరపకండి. ఆ ఒకటిన్నర దెబ్బ పిన్నితో పాటు మీరూ ఆగండి.